పాత కారు మార్చే ముందు లెక్క చూచుకొందము



ప్రతి సంవత్సరము దసరా దగ్గర పడుతున్నప్పుడు బొగ్గు గనుల ప్రాంతము నుండి మాకు వచ్చే ఉత్తరములలో డబ్బు ప్రస్తావన ఎక్కువగా ఉంటుంది. కారణము అందరికీ తెలిసినదే. సింగరేణి సంస్థ తన లాభములో కార్మికులకు వాటా పంచే సమయము అది. 2024–25 సంవత్సరపు లాభములో 34 శాతము, అనగా రూ. 819 కోట్లు పంచారు. పర్మినెంటు కార్మికునికి సగటున సుమారు రూ. 1.95 లక్షలు వచ్చింది. అదే గనిలో, అదే బొగ్గు ధూళిలో పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి రూ. 5,500 వచ్చింది. ఆదివారము ఈ ఇద్దరూ ఒకే బల్ల మీద ప్రక్క ప్రక్కన కూర్చుంటారు. ఈ సంగతి మనస్సులో ఉంచుకొని మిగిలినది చదవండి.

ఈ నెల మేము తీసికొన్న ఉత్తరము గోదావరిఖనిలోని ఒక సహోదరునిది. ఆయన కోల్ ఫిల్లరుగా చేరి, ఇప్పుడు పంపు ఆపరేటరుగా ఉన్నారు. 2008లో కొన్న మారుతి 800 ఆయన ఇంటి ముందున్నది. ఏ.పి. 15 నంబరు, కరీంనగర్ రిజిస్ట్రేషన్. 2023లో పదిహేను సంవత్సరములు నిండగా మరి ఐదు సంవత్సరములకు రెన్యువల్ చేయించుకున్నారు. ఇప్పుడు ఇంజను ఆయిలు త్రాగుతున్నది. అడుగు రేకు తుప్పు పట్టి, వాన పడితే కాళ్ళ దగ్గరికి నీళ్ళు వస్తున్నాయి. మెకానిక్ ముప్పై వేలు అడుగుతున్నాడు. తల్లిగారికి మూత్రపిండముల జబ్బు. నెలకు రెండుసార్లు కరీంనగర్ ఆసుపత్రికి తీసికొని వెళ్ళాలి. ఆయన దిగిపోవుటకు ఇంక రెండు సంవత్సరములే ఉన్నది.

కుమారుడు, "డాడీ, ఎనిమిది లక్షలు ఫైనాన్స్ ఇస్తామంటున్నారు, ఈసారి పెద్ద బండే తీసుకుందాం" అంటున్నాడట. భార్య, "ఏమండీ, అసలు కారే వద్దు, బస్సుంది గదా" అంటున్నారట. తల్లిగారు మాత్రము, "నేను ఎడ్లబండి మీద దవాఖానకు పోయినదాన్ని, నాకోసం అప్పు చెయ్యకు బిడ్డా" అన్నారట. ఆయన చివరకు మమ్ములను అడిగిన ప్రశ్న ఇది: విశ్వాసి పెద్ద కారు కొనుట తప్పా?

ఇంత పొడుగు కారు తప్పు, ఇంత పొట్టి కారు ఒప్పు అని వ్రాసిన వాక్యము మాకు ఎక్కడా కనబడలేదు. ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో రాజు గుఱ్ఱములను విస్తారముగా పోగుచేసికొనకూడదని హెచ్చరిక ఉన్నది. అది రాజు మనస్సు గురించిన మాట. లూకా 14వ అధ్యాయములో గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనుట గురించి ప్రభువు చెప్పిన ఉపమానము ఉన్నది. ఈ సహోదరునికి ఈ రెండవదే పనికివస్తుందని మా అభిప్రాయము. కారు ఎంత పెద్దదో అనే ప్రశ్నను ప్రక్కన పెట్టి, దాని వాయిదాలు ఎవరు కడతారు, ఏ డబ్బుతో కడతారు, ఎప్పటి వరకు కడతారు అని అడుగుదాము.

ఎనిమిది లక్షల అప్పు, ఏడు సంవత్సరములు, తొమ్మిదిన్నర శాతము వడ్డీ అనుకుందాము. నెలకు వాయిదా సుమారు రూ. 13,075 పడుతుంది. మొత్తము మీద వడ్డీయే దాదాపు రూ. 2,98,000. ఇప్పుడు పే స్లిప్పు మీద ఇది మోయరాని బరువుగా కనబడదు. అయితే రెండు సంవత్సరములు కట్టిన తరువాత ఆయన దిగిపోతారు. ఆ రోజున ఇంకా అరవై వాయిదాలు మిగిలి ఉంటాయి. అసలు బాకీయే ఆరు లక్షల ఇరవై వేలకు పైన ఉంటుంది. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. అద్దె ఇల్లో, సొంత ఇల్లో చూచుకోవాలి. 1998లో వచ్చిన బొగ్గు గనుల పెన్షన్ పథకము క్రింద వచ్చే పెన్షను జీతము వంటిది కాదని ఆ కాలనీలలో ఉన్న రిటైర్డు పెద్దలను ఎవరిని అడిగినా చెబుతారు. అప్పుడు ఆ కారు వాయిదా గ్రాట్యుటీలో నుండి, సి.ఎం.పి.ఎఫ్. డబ్బులో నుండి పోతుంది. నలభై సంవత్సరములు భూమి లోపల సంపాదించినది నెలకు పదమూడు వేల చొప్పున బండి క్రింద పోవుట న్యాయమేనా? సామెతలు 22వ అధ్యాయములో అప్పు చేసినవాని స్థితిని గూర్చి జ్ఞాని చెప్పినది జీతము వచ్చే రోజులలో అర్థము కాదు.

కుమారుని మీద మాకు కోపము లేదు. ఆ ప్రాంతములో బండ్ల కథ చూచినవారికి అతని కోరిక అర్థమవుతుంది. ఒకప్పుడు షిఫ్టుకు వెళ్ళే కార్మికునికి సైకిలే బండి. తరువాత బజాజ్ చేతక్ స్కూటరు కోసము పేరు వ్రాయించుకొని సంవత్సరములు ఎదురుచూచినవారు ఉన్నారు. కారంటే జనరల్ మేనేజరు గారి అంబాసిడరే. మారుతి 800 1983 డిసెంబరులో బయటకు వచ్చినా, అది గని కార్మికుని ఇంటి ముందుకు రావటానికి చాలా కాలము పట్టింది. ఆ చిన్న కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది, అంబాసిడరు కూడా అదే సంవత్సరము నిలిచిపోయింది. అందువలన 2008 నాటి ఆ 800 ఆ ఇంటికి ఒక గెలుపు గుర్తు. తండ్రి గెలుపు చిన్న కారుతో మొదలైతే తన గెలుపు పెద్ద కారుతో మొదలుకావాలని పిల్లవానికి అనిపించుట సహజము. అయితే తన గెలుపునకు తన జీతము రావాలి గదా. ఈ మాట తండ్రిగారే ప్రేమతో, ఆ లెక్క కాగితము ముందు పెట్టి చెప్పాలి.

ఇక సహోదరిగారి మాట. బస్సు మంచిదే. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్.టి.సి. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము వచ్చిన తరువాత ఎన్నో కుటుంబములకు మేలు జరిగింది. సంతకు, చుట్టాల ఇంటికి, కన్వెన్షను కూటములకు బస్సులో వెళ్ళవచ్చును. కాని కిడ్నీ జబ్బు గల వృద్ధురాలిని మే నెల ఎండలో కిక్కిరిసిన బస్సులో నిలబెట్టి కరీంనగర్ తీసికొని వెళ్ళి అదే సాయంత్రము తీసికొని రావటము మేము సలహా ఇవ్వలేము. నెలకు రెండు ప్రయాణములే గనుక అద్దె కారు మాట్లాడుకొంటే సరిపోతుందా అని కూడా చూడాలి. మీ ఊరి స్టాండులో కరీంనగర్ రానుపోను ఎంత అడుగుతారో కనుక్కొని పన్నెండు నెలలకు గుణించండి. దాని ప్రక్కన సొంత కారుకు సంవత్సరమునకు అయ్యే ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు, పెట్రోలు వ్రాయండి. కొన్ని కుటుంబములకు అద్దె కారే చౌక. ఈ ఇంట్లో అర్ధరాత్రి ఆయాసము వచ్చే తల్లి ఉన్నది గనుక సొంత బండి ఉండుట అవసరమేనని మేము అనుకుంటున్నాము. అది ఆమె కొరకే కొంటున్న బండి అని ఇంట్లో అందరూ ఒప్పుకొంటే సగము వాదము తీరిపోతుంది. ఆమె సులువుగా ఎక్కి దిగగలిగే కారేనా? తలుపు ఎంత తెరుచుకొంటుంది, సీటు మరీ ఎత్తుగా గాని మరీ క్రిందికి గాని ఉన్నదా? ఆమెను వెంట తీసికొని వెళ్ళి కూర్చోబెట్టి చూడండి. షోరూములో పిల్లలు స్క్రీను చూస్తారు, పెద్దవారు మైలేజీ అడుగుతారు. జబ్బు మనిషి కాలు లోపలికి పెట్టగలదా అని అడిగేవారు తక్కువ.

పాత కారునే ముప్పై వేలు పెట్టి నడిపించుకోవచ్చునా? వద్దని మా సలహా. ఇంజను బాగుచేయించినా తుప్పు ఆగదు. 2028లో దానికి ఇరవై సంవత్సరములు నిండుతాయి. కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుము 2022 ఏప్రిల్‌లో రూ. 600 నుండి రూ. 5,000 అయింది; ఇరవై సంవత్సరములు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ. 10,000 చేశారు. ఇది గాక గ్రీన్ టాక్సు, ఫిట్‌నెస్ పరీక్ష. వీటన్నిటికంటె పెద్ద సంగతి మరొకటి ఉన్నది. రాజీవ్ రహదారి మీద ఆ కారు ముందు బొగ్గు టిప్పరు, వెనుక బూడిద టిప్పరు నడుస్తుంటాయి. ఆ మారుతి 800లో గాలి సంచులు లేవు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రములు బిగుసుకొనకుండా కాపాడే ఏ.బి.ఎస్. లేదు. మన దేశములో ఏ.బి.ఎస్. 2019 ఏప్రిల్ నుండి, ముందు సీట్లకు రెండు గాలి సంచులు 2022 ఆరంభము నుండి అన్ని కొత్త కార్లకు తప్పనిసరి అయినాయి. కాబట్టి మీరు వాడిన కారు కొన్నా 2022 తరువాత తయారైనది చూడండి. రంగు, అలంకారము ఎలా ఉన్నా ఈ సంవత్సరము విషయములో రాజీ పడవద్దు.

కొత్త చిన్న కారా, వాడిన కారా అన్నది తరువాతి ప్రశ్న. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సి.సి. లోపు పెట్రోలు ఇంజను గల చిన్న కార్లపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గింది, పైన ఉండే సెస్సు కూడా పోయింది. కొత్త కార్ల ధర దిగితే వాడినవాటి ధర కూడా దిగాలి. అందువలన వాడిన కారు అమ్మేవారు పాత ధరలు చెబితే ఒప్పుకొనకండి. ఈ కుటుంబము తిరిగేది కరీంనగర్‌కు రెండుసార్లు కలిపి సుమారు 260 కిలోమీటర్లు, సంఘమునకు, మంథని వైపు సొంత ఊరికి మరి 140. నెలకు నాలుగు వందలు అనుకోండి. ఇంత తక్కువ తిరిగేవారికి డీజిలు కారు మీద అదనముగా పెట్టిన డబ్బు తిరిగి రాదు. కరెంటు కారుకు తెలంగాణలో 2024 నవంబరు నుండి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించారు. అది మంచి అవకాశమే. అయితే క్వార్టరు ముందు చార్జింగు పెట్టుకొనే వీలు ఉన్నదా, రెండు సంవత్సరములకు ఇల్లు మారినప్పుడు అక్కడ ఉంటుందా అనేది ముందు తేల్చుకోండి. పై అంతస్తు క్వార్టరు నుండి వైరు క్రిందికి వేలాడదీసి చార్జింగు పెట్టుట ప్రమాదము.

మేము ఈ సహోదరునికి చెప్పేది ఇది. లాభాల వాటాలో పన్ను పోయి, దేవునికి ఇవ్వవలసినది ఇచ్చిన తరువాత లక్షన్నర మిగిలిందనుకోండి. చేతిలో మరొక యాభై వేలు ఉంటే, నాలుగు లక్షల లోపు దొరికే, 2022 తరువాతి చిన్న పెట్రోలు కారు చూడండి. మిగిలిన రెండు లక్షలకు పాత కార్ల అప్పు మీద వడ్డీ పదమూడు శాతము పడినా, ఇరవై నెలలకు వాయిదా సుమారు రూ. 11,200, మొత్తము వడ్డీ ఇరవై నాలుగు వేల లోపే. వాయిదా పెద్ద బండి వాయిదా కంటె కొంచెమే తక్కువ, నిజమే. కాని ఆఖరి పే స్లిప్పు రాక ముందే అది తీరిపోతుంది. గ్రాట్యుటీ మీద ఎవరి చెయ్యీ పడదు.

వాడిన కారు చూచేటప్పుడు మన ప్రాంతమునకు ప్రత్యేకమైన కొన్ని సంగతులు ఉన్నాయి. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల, మంథని ప్రాంతములలో ఇండ్లలోకి నీళ్ళు వచ్చిన సంగతి మరువలేదు గదా. ఆ నీళ్ళలో మునిగిన బండిని కడిగి, మెరుగు పెట్టి అమ్మకానికి పెట్టినా వాసన దాగదు. కాళ్ళ క్రింది మ్యాటు ఎత్తి క్రింద బురద పొర ఉన్నదేమో చూడండి. సీటు బెల్టును చివరి వరకు లాగండి. లోపలి భాగములో మరక గీత ఉంటే ఆ కారు నీళ్ళలో నిలిచినదే. సీటు క్రింది బోల్టులకు తుప్పు ఉన్నదా చూడండి. గనులకు, కర్మాగారములకు అద్దెకు తిరిగి, పసుపు నంబరు ప్లేటు తీసి తెల్లది వేయించుకొన్న బండ్లు కూడా వస్తుంటాయి, ఆర్.సి.లో పూర్వపు వివరములు అడగండి. మీటరు చూపే కిలోమీటర్లను నమ్మకుండా బ్రేకు పెడలు అరుగుదల, స్టీరింగు మీది నునుపు చూడండి. ఎయిర్ ఫిల్టరు పెట్టె తెరిస్తే బండి ఏ దారిలో తిరిగిందో బొగ్గు ధూళి చెబుతుంది.

ప్రక్క రాష్ట్రము బండి చౌకగా వస్తుందని సిరోంచ, చంద్రపూర్ వైపు వెళ్ళి తెచ్చుకొనేవారున్నారు. ఢిల్లీలో పది సంవత్సరములు దాటిన డీజిలు, పదిహేను దాటిన పెట్రోలు బండ్లపై 2015 నుండి వచ్చిన తీర్పుల వలన అక్కడి బండ్లు కూడా ఇటు దిగుతున్నాయి. వాటికి అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చిన నిరభ్యంతర పత్రము కావాలి, ఇక్కడ లైఫ్ టాక్సు మళ్ళీ కట్టాలి. ఇవన్నీ కలిపిన తరువాత చౌకదనము ఎంత మిగులుతుందో చూచుకోండి. ఆర్.సి.లో ఫైనాన్స్ పేరు ఉంటే, బ్యాంకు ఇచ్చిన బాకీ లేదను పత్రము, ఫారము 35 లేకుండా డబ్బు చేతికి ఇవ్వవద్దు. అమ్మేవారు సంఘ పెద్ద అయినా సరే.

ఇక మీ పాత 800. దీని విషయములో మా మాట కొంచెము గట్టిగానే ఉంటుంది. దానిని సంఘములోని ఒక బీద సహోదరునికి ఇరవై వేలకు ఇస్తానని మీరు వ్రాశారు. మంచి ఉద్దేశమే. అయితే ఇంజను ఆయిలు త్రాగుతున్నదని, అడుగు తుప్పు పట్టినదని, మెకానిక్ చెప్పిన ముప్పై వేల లెక్కను ఆయనకు చెప్పారా? పాత నిబంధనలో త్రాసు, తూనికరాళ్ళ గురించి దేవుడు ఇన్నిసార్లు మాట్లాడినది అంగడివారి కొరకు మాత్రమే కాదు. ఇరవై వేలకు కొని ముప్పై వేలు పెట్టవలసిన బండిని, రూ. 5,500 వాటా అందుకొన్న మనిషికి ఇస్తే అది సహాయము కాదు. అన్నీ చెప్పిన తరువాత కూడా ఆయన కోరితే ఇవ్వండి. లేదా ప్రభుత్వము గుర్తించిన వాహన తుక్కు కేంద్రములో అప్పగించండి. 2021లో ప్రకటించిన విధానము ప్రకారము వారు ఇచ్చే సర్టిఫికెటు కొత్త బండి పన్నులో రాయితీకి పనికివస్తుంది. పాత ఇనుప దుకాణములో వేస్తే ఆ కాగితము రాదు, ఆర్.సి. మీ పేరనే మిగిలిపోతుంది.

ఎవరికి అమ్మినా పేరు మార్పిడి మీరే దగ్గర ఉండి చేయించండి. "అన్నా, నా మీద నమ్మకం లేదా, తర్వాత మార్చుకుంటా" అంటారు. నమ్మకము వేరు, చట్టము వేరు. ఉత్తర దేశములో ఒకాయన 2007లో కారు అమ్మివేశాడు. అది చేతులు మారుతూ పోయింది గాని ఆర్.సి.లో పేరు మాత్రము మారలేదు. 2009లో ఆ కారు ప్రమాదము చేసింది. కేసు సుప్రీం కోర్టు వరకు వెళ్ళింది. 2018 ఫిబ్రవరిలో కోర్టు, రిజిస్టరులో ఎవరి పేరు ఉన్నదో చట్టము దృష్టిలో వారే యజమాని, నష్టపరిహారము బాధ్యత వారిదే అని తీర్పు ఇచ్చింది. బండి చేతిలో లేదు, డబ్బు ఎన్నడో ఖర్చయింది, బాధ్యత మాత్రము ఆయన తలుపు తట్టింది. మీ సహోదరుని చేతిలో మీ పేరున బండి ఉండి, ఎన్.టి.పి.సి. దారిలో ఏదైనా జరిగితే మీ ఇద్దరి ఇండ్లు, మీ ఇద్దరి స్నేహము ఏమవుతాయో ఆలోచించండి.

మరొక చిన్న మాట. కొత్త బండికి సమర్పణ ప్రార్థన పెట్టించుకొనుట మన సంఘములలో మంచి వాడుక. కాపరిగారిని పిలిచి, తల్లిగారిని లోపల కూర్చోబెట్టి ప్రార్థన చేయించుకోండి. రెండు వందల మందికి బిర్యాని పెట్టి ఆ ఖర్చుకు మళ్ళీ అప్పు చేయవద్దు. వెనుక అద్దము మీద ప్రభువు నామము వ్రాయించుకొని, టిప్పరును ఎడమ ప్రక్క నుండి దాటే సోదరులను చూచినప్పుడు మాత్రము, ఆ అక్షరములు లేకున్నా బాగుండేది అనిపిస్తుంది.

అమ్మకము రోజున చేయవలసినవి: ఫారము 29, ఫారము 30 మీద సంతకములు అక్కడే పెట్టించి, కొనేవారి ఆధార్ నకలు తీసికొని, తేదీ మాత్రమే గాక సమయము కూడా వేసి రసీదు వ్రాసుకోండి. ఇన్సూరెన్సును పద్నాలుగు రోజుల లోపల కొన్నవారి పేరునకు మార్పించమని చెప్పండి. అద్దము మీది ఫాస్టాగ్‌ను తీసివేసి బ్యాంకులో మూయించండి, లేనియెడల వేరొకరి టోలు మీ ఖాతాలో నుండి పోతుంది. పేరు మారిన ఆర్.సి. వచ్చినదని ఆయన చూపించే వరకు ఆ రసీదు మీ బైబిలు సంచిలోనే ఉంచుకోండి.